తప్పుడు వీడియో, ఒక్క రాత్రి ఉత్తర్వు

సాధనా బ్రాడ్‌కాస్ట్ అనే చిన్న కంపెనీని అదానీ గ్రూపు కొనేయబోతోందట. టీవీ కార్యక్రమాలు చేసుకునే ఆ సంస్థ ఇకమీదట సినిమాలు తీస్తుందట. అమెరికాలోని ఓ పెద్ద కార్పొరేషన్ 1,100 కోట్ల రూపాయలు పెట్టి దాని చేత నాలుగు భక్తి చిత్రాలు తీయిస్తోందట. 2022 జూలై ద్వితీయార్ధంలో రెండు యూట్యూబ్ ఛానెళ్లు ఈ కబుర్లను దేశం మీదికి వదిలాయి. ఒక్కటీ నిజం కాదు. నాలుగు సినిమాలకు పదకొండు వందల కోట్లంటే ఒక్కోదానికి 275 కోట్లు. హీరోల పారితోషికాలూ సినిమాల బడ్జెట్లూ కంఠతా పట్టిన మన తెలుగు ప్రేక్షకుడైనా ఆ లెక్క దగ్గర ఒక్క క్షణం ఆగి ఉండాల్సింది. చాలామంది ఆగలేదు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఉత్తర్వులో ఉన్న లెక్క ప్రకారం ఆ కంపెనీలో చిన్న షేర్‌హోల్డర్ల సంఖ్య 2,167 నుంచి 55,343కు ఎగబాకింది.

అంతకు తొమ్మిది నెలల ముందు ఇంకో కథ జరిగింది. 2021 అక్టోబర్ 28 సాయంత్రం ఐఆర్‌సీటీసీ స్టాక్ ఎక్స్ఛేంజీలకు ఒక సమాచారం పంపింది. ఆన్‌లైన్ టికెట్ల మీద తాను వసూలు చేసే కన్వీనియెన్స్ ఫీజులో నవంబర్ 1 నుంచి సగం తమకు ఇవ్వాలని రైల్వే శాఖ నిర్ణయించిందన్నది అందులోని సంగతి. ప్రతి అక్షరం నిజం. మర్నాడు ఉదయం షేరు ఒక దశలో దాదాపు 29 శాతం పడిపోయింది. మధ్యాహ్నం లోపే ప్రభుత్వం ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. పడ్డ షేరు లేచి, చివరికి ఏడు శాతం చిల్లర నష్టంతో రోజు ముగించింది.

షేర్ల మీద బయటి ప్రభావాల గురించి రాసేవాళ్లు మీడియా, ప్రభుత్వం, పుకార్లు, స్నేహితుల సలహాలు అన్నింటినీ ఒకే గాటన కట్టి, 'వీటికి లొంగకండి' అని చెప్పి ఊరుకుంటారు. ఆ సలహా వల్ల ఎవరికీ నష్టం లేదు, లాభమూ లేదు. ఈ రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే మీడియా ప్రభావం, ప్రభుత్వ ప్రభావం ఒక జాతివి కావని తేలుతుంది. విచిత్రం ఏమిటంటే, అబద్ధం కొన్ని వారాల పాటు బతికింది. నిజానికి ఒక్క పూట కూడా ఆయుష్షు లేకపోయింది.

సాధనా సంగతి ముందు చూద్దాం. వీడియోలు ఆ కథకు మొదలు కావు, మధ్య అంకం. ఏప్రిల్ నుంచి జూలై మధ్య వరకు కొందరు తమలో తామే కొనుక్కుంటూ, అమ్ముకుంటూ ధరను మెల్లగా లేపుతూ వచ్చారు. చార్టు తెరిచి చూసినవాడికి 'షేర్‌లో కదలిక ఉంది' అనిపించాలి, అంతే. నేల అలా దున్నిపెట్టాక వీడియోలు వచ్చాయి. అవి వాటంతట అవి జనంలోకి పాకినవి కూడా కావు, కోట్ల రూపాయల ప్రకటనల డబ్బు పోసి తోసినవి. వీడియో చూసినవాడు బ్రోకరేజీ యాప్‌లోకి వెళ్లి చూస్తే, చెప్పినట్టే షేరు మూడు నెలలుగా పెరుగుతూ కనిపిస్తుంది. కబురుకు ధర సాక్ష్యం, ధరకు కబురు సాక్ష్యం. జనం ఎగబడి కొంటున్న వేళ ప్రమోటర్లలో కొందరూ, వాళ్లతో చేతులు కలిపినవాళ్లూ తమ షేర్లు వదిలించుకున్నారు.

ఇక్కడ నన్ను ఆపిన విషయం ఒకటుంది. ఆ వీడియోలు నిజమో కాదో తెలుసుకోవడం కష్టమైన పని కాదు. లిస్టయిన కంపెనీని ఇంకొకరు కొంటుంటే, దానికి వెయ్యి కోట్ల కాంట్రాక్టు వస్తే, ఆ విషయం స్టాక్ ఎక్స్ఛేంజీకి చెప్పి తీరాలి. బీఎస్‌ఈ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొడితే ప్రకటనల జాబితా వస్తుంది, పైసా ఖర్చు లేదు. అదానీ పేరున్న ప్రకటన ఉందా లేదా అన్నది రెండు నిమిషాల్లో తేలిపోతుంది. కానీ వీడియో చూసినవాడి నోట్లోంచి వచ్చే ప్రశ్న అది కాదు. 'టార్గెట్ ఎంత?' అన్నది అతని ప్రశ్న. జరిగిందో లేదో తెలియని దానికి టార్గెట్ అడుగుతాడు.

ఐఆర్‌సీటీసీ దగ్గర ఇది తిరగబడింది. సికింద్రాబాద్ నుంచి విశాఖకు ఏసీ బెర్తు బుక్ చేసుకున్నవాళ్లకు ఆ రుసుము తెలుసు. డబ్బు కట్టే ముందు వచ్చే పేజీలో, టికెట్ ధర కింద, ఒక చిన్న వరుస ఉంటుంది. ఏసీకి 30 రూపాయలు, నాన్ ఏసీకి 15, పైన జీఎస్టీ. యూపీఐతో కడితే ఇంకాస్త తక్కువ. ఒక్కో టికెట్‌కు చిల్లరలా కనిపించే ఈ సొమ్ము, రోజుకు లక్షల టికెట్లు అమ్మే సంస్థకు పెద్ద ఆదాయం. దానికి ఎదురుగా పెట్టే ఖర్చు కూడా తక్కువ కాబట్టి దాదాపు నేరుగా లాభంలోకి చేరుతుంది. అందులో సగం పోతే కంపెనీ విలువ నిజంగానే తగ్గుతుంది. ఆ ఉదయం అమ్మినవాళ్లను పిరికివాళ్లనడం అన్యాయం. వాళ్లు లెక్క సరిగ్గానే వేశారు.

వాళ్లు అడగని ప్రశ్న వేరే ఉంది. ఈ నిర్ణయం నిలుస్తుందా? దానికి కావాల్సిన ఆధారాలు ఈ రుసుము చరిత్రలోనే ఉన్నాయి. 2016 నవంబర్‌లో పెద్ద నోట్లు రద్దయినప్పుడు, జనాన్ని డిజిటల్ చెల్లింపుల వైపు మళ్లించాలని ఆన్‌లైన్ టికెట్ల సర్వీస్ చార్జీని ప్రభుత్వం ఎత్తేసింది. దాదాపు మూడేళ్లు అది లేదు. 2019 సెప్టెంబర్ 1న తిరిగొచ్చింది. ఆరు వారాలు తిరిగేసరికి, అక్టోబర్ 14న, ఐఆర్‌సీటీసీ షేరు మార్కెట్‌లో లిస్టయింది. 320 రూపాయలకు ఇష్యూలో ఇచ్చిన షేరు తొలి రోజే 644 దగ్గర మొదలైంది. అంటే ఆ రెట్టింపు ధరలో ప్రభుత్వం దయతో తిరిగొచ్చిన రుసుముకూ వాటా ఉంది. ప్రభుత్వం ఒకసారి తీసేసి మళ్లీ పెట్టిన ఆదాయాన్ని శాశ్వతమనుకుని షేరు కొన్నవాళ్లు, ప్రభుత్వం ఒకసారి అడిగిన సగాన్ని కూడా శాశ్వతమనుకుని అమ్మారు. రెండూ ఒకటే పొరపాటు. వెళ్లే దిశలే వేరు.

యజమాని ఎవరన్నది కూడా చూడాలి. అప్పటికి ఆ కంపెనీలో 67 శాతం వాటా కేంద్ర ప్రభుత్వానిదే. రుసుములో సగం లాక్కోవడమంటే మూడింట రెండు వంతులు తన జేబులోంచి తీసి తన ఇంకో జేబులో వేసుకోవడం. నిజంగా చేతులు మారేది మిగతా 33 శాతం, అంటే బయటి మదుపర్ల సొమ్ము. దానికోసం ప్రభుత్వం తన వాటా విలువను ఒక్క ఉదయంలో వేల కోట్ల మేర తగ్గించుకుంది. రైల్వే శాఖ ఆదాయం చూసింది. ప్రభుత్వ వాటాల బాగోగులు చూసే దీపం విభాగం మార్కెట్ చూసింది. ప్రభుత్వం ఒక్కటే అని మనం అనుకుంటాం గానీ, ఆ రోజు మార్కెట్‌లో రెండు ప్రభుత్వాలు మాట్లాడాయి.

అవి మాట్లాడిన చోట్లు కూడా వేరు. సగం ఇవ్వాలన్న మాట ఎక్స్ఛేంజీ ద్వారా, పద్ధతి ప్రకారం వచ్చింది. వెనక్కి తీసుకున్నామన్న మాట మార్కెట్‌కు ముందుగా చేరింది దీపం కార్యదర్శి తుహిన్ కాంత పాండే ట్వీట్ ద్వారా. ట్రేడింగ్ నడుస్తుండగా ఒక ప్రభుత్వరంగ షేరు జాతకాన్ని మార్చే వార్తను ట్విట్టర్ చూస్తున్నవాడు ముందు తెలుసుకున్నాడు, ఎక్స్ఛేంజీ పేజీ చూస్తున్నవాడు తర్వాత తెలుసుకున్నాడు. ఉద్దేశం మంచిదే. చేసిన పద్ధతి మాత్రం టీవీ టిక్కర్ పద్ధతి. ఆ కార్యదర్శే 2025 మార్చిలో సెబీ ఛైర్మన్ అయ్యారు. ఎవరికి ఏ సమాచారం ఏ నిమిషంలో చేరాలో చూడాల్సిన కుర్చీ అది.

శిక్షల దగ్గర పోలిక ఇంకా పదునెక్కుతుంది. సాధనా వ్యవహారంలో సెబీ 2023 మార్చిలో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 2025 మే నెలాఖరులో తుది ఉత్తర్వు వచ్చింది. 59 మందిపై మార్కెట్‌లో నిషేధం పడింది, అక్రమ లాభం 58 కోట్లు 12 శాతం వడ్డీతో కట్టమంది. అందులో ఒక హిందీ సినీ నటుడు, ఆయన భార్య పేర్లు కూడా ఉండటంతో పత్రికలన్నీ దాన్నే పట్టుకున్నాయి. నటుడి ఫొటో కింద అసలు యంత్రాంగం, అంటే ధర లేపడం, డబ్బు పెట్టి వీడియో తోయడం, వదిలించుకోవడం అనే మూడు మెట్లు, ఎక్కడో మూడో పేరాలో పడిపోయాయి. మీడియా చేసిన మోసం మీద మీడియా రాసిన వార్త కూడా తారల వార్తగా మారడం మన వార్తల తీరు. దీన్ని కూడా బయటి ప్రభావాల ఖాతాలోనే రాసుకోవాలి.

ఐఆర్‌సీటీసీలో శిక్షించడానికి నేరం ఏమీ లేదు. ప్రభుత్వం తన అధికారం మేరకే నిర్ణయం తీసుకుంది, తన అధికారం మేరకే రద్దు చేసింది. కానీ ఉదయం స్టాప్‌లాస్ తగిలి షేర్లు పోగొట్టుకున్నవాడికి మధ్యాహ్నపు రద్దు ఏ సాయమూ చేయలేదు. అబద్ధం వల్ల నష్టపోతే కనీసం ఫిర్యాదు చేసే చిరునామా ఉంటుంది. నిజం వల్ల, అదీ కొన్ని గంటలు మాత్రమే నిలిచిన నిజం వల్ల నష్టపోతే అదీ ఉండదు.

ప్రభుత్వ నిర్ణయాలన్నీ అలా తిరగబడతాయని అనుకుంటే మళ్లీ బోల్తా పడతాం. 2017 జూలై 17న జీఎస్టీ మండలి సిగరెట్ల మీద సెస్సు పెంచింది, మర్నాడు ఐటీసీ షేరు 12 శాతానికి పైగా పడింది. ఆ సెస్సును ఎవరూ వెనక్కి తీసుకోలేదు. 2019 సెప్టెంబర్ 20న కార్పొరేట్ పన్నును 30 నుంచి 22 శాతానికి తగ్గించారు, సెన్సెక్స్ ఒక్క రోజులో 1,921 పాయింట్లు లేచింది. అదీ నిలిచింది. ఈ రెండూ కంపెనీల పద్దుల్లో కొత్త అంకెలు రాశాయి. అందుకే ధర మారడంలో న్యాయం ఉంది. పన్ను కోత చట్టంలోకి ఎక్కింది. సెస్సు అన్ని రాష్ట్రాల ఆర్థిక మంత్రులు కూర్చున్న మండలిలో తేలింది. రైల్వే రుసుము ఒక శాఖ ఒంటరిగా వేసిన అడుగు. ఏది నిలుస్తుందో ఏది నిలవదో ముందే చెప్పే సూత్రం లేకపోవచ్చు గానీ, నిర్ణయం వెనక ఎన్ని సంతకాలున్నాయో చూడటం మంచి మొదలు.

మీడియాకూ ప్రభుత్వానికీ మధ్య గోడ సన్నబడే చోటు ఇంకొకటి ఉంది. అది సమాచారం ముందే కారిపోవడం. 2024 ఫిబ్రవరిలో సెబీ ఒక బిజినెస్ ఛానెల్‌కు వచ్చే అతిథి నిపుణుల మీద మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. వాళ్లు టీవీలో ఫలానా షేరు కొనండి అని చెప్పబోతున్న సంగతి ముందే కొందరికి చేరేదని, వాళ్లు కొనిపెట్టుకుని, ప్రసారమయ్యాక జనం ఎగబడుతుంటే అమ్మేసేవారని ఆరోపణ. 7.41 కోట్లు స్వాధీనం చేసుకోమంది. ఆ సలహా మంచిదే అయి ఉండొచ్చు. అయినా మన చెవిన పడేసరికి అందులోని సారం ఎవరో పిండేసుకున్నారు.

ఏడాదిన్నర తర్వాత ఇదే బొమ్మ సర్కారీ ఫ్రేములో కనిపించింది. 2025 జూలై 23న కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి, విద్యుత్ ఎక్స్ఛేంజీల్లో ధర నిర్ణయాన్ని ఒక్కచోటికి చేర్చే మార్కెట్ కప్లింగ్‌పై ఉత్తర్వు ఇచ్చింది. ఆ మార్కెట్‌లో సింహభాగం ఇండియన్ ఎనర్జీ ఎక్స్ఛేంజీది. మర్నాడు దాని షేరు దాదాపు 30 శాతం దాకా పడింది. అక్టోబర్‌లో సెబీ మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. మండలి లోపలి నుంచి సమాచారం ముందే అందుకుని కొందరు షేరు పడుతుందని పందెం కాశారన్నది ఆరోపణ. 173 కోట్లు స్వాధీనం చేసుకోమంది. ఛానెల్ స్టూడియోలో ఆరోపణ ఏడు కోట్లది, నియంత్రణ కార్యాలయంలో ఆరోపణ నూట డెబ్బై మూడు కోట్లది. రెండూ ఇంకా ఆరోపణల దశలో వచ్చిన ఉత్తర్వులే. అయినా ఆ తేడా ఊరికే వచ్చింది కాదు. టీవీ మాట ఒక షేరును కాసేపు కదుపుతుంది, ప్రభుత్వ ఉత్తర్వు వ్యాపారాన్నే కదుపుతుంది. అందుకే రెండో దాన్ని ముందే తెలుసుకోవడానికి ధర ఎక్కువ.

మన దగ్గరికి వస్తే, 2024 జూన్‌లో హెరిటేజ్ ఫుడ్స్ షేరు ఈ రెండు అరల్లో దేనిలోనూ ఇమడదు. 1992లో చంద్రబాబునాయుడు స్థాపించిన కంపెనీ, కుటుంబానికి పెద్ద వాటా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం 135 అసెంబ్లీ స్థానాలు గెలిచింది, లోక్‌సభలో 16 స్థానాలతో కేంద్రంలో కీలకమైంది. వారం తిరిగేసరికి ఫలితాల ముందు ధరతో పోలిస్తే షేరు యాభై శాతానికి పైగా పెరిగింది. ఏ ఛానెలూ అబద్ధం చెప్పలేదు. ఏ ప్రభుత్వమూ ఉత్తర్వు ఇవ్వలేదు, అప్పటికి రాష్ట్రంలో ప్రమాణ స్వీకారమే కాలేదు. ఎన్నికల ఫలితం పాడి రైతు దగ్గర పాలు కొనే ధరనూ మార్చలేదు, పెరుగు ప్యాకెట్ అమ్మే ధరనూ మార్చలేదు. జనం తమంతట తామే 'మన ప్రభుత్వం వచ్చింది, ఆ కంపెనీకి మంచి రోజులు' అని లెక్క వేశారు. ఆ లెక్కను విప్పి చదివితే, ప్రభుత్వం తనవాళ్లకు మేలు చేస్తుందన్న నమ్మకం తప్ప లోపల ఇంకేమీ లేదు. ఇందులో కంపెనీ తప్పేమీ లేదు. కొన్నవాడి మనసులో ఉన్న రాజకీయమే ధరగా బయటికొచ్చింది.

ఆ రోజుల్లోనే ఢిల్లీ వైపు పెద్ద నాటకం నడిచింది. మే 13న హోంమంత్రి అమిత్ షా ఒక టీవీ ఇంటర్వ్యూలో, మార్కెట్ పడటాన్ని ఎన్నికలతో ముడిపెట్టొద్దని, అయినా జూన్ 4కు ముందు కొనుక్కోండని, మార్కెట్ ఎగసిపోతుందని అన్నారు. ఫలితాల రోజు మార్కెట్ రికార్డులు బద్దలు కొడుతుందన్న అర్థంలో ప్రధాని మోదీ కూడా మాట్లాడారు. జూన్ 1న ఎగ్జిట్ పోల్స్ అధికార కూటమికి భారీ మెజారిటీ ఇచ్చాయి. జూన్ 3న సెన్సెక్స్ 2,500 పాయింట్లకు పైగా లేచింది. జూన్ 4న బీజేపీకి 240 సీట్లే వచ్చాయి, సెన్సెక్స్ 4,389 పాయింట్లు కూలింది. ఇది అతిపెద్ద స్టాక్ మార్కెట్ కుంభకోణం అని రాహుల్ గాంధీ ఆరోపించి, సంయుక్త పార్లమెంటరీ కమిటీ విచారణ కోరారు. బీజేపీ తరఫున పీయూష్ గోయల్ దాన్ని కొట్టిపారేశారు.

కుంభకోణమా కాదా అన్న తగవు పార్టీలది. నాకు కనిపించేది మాట రకం. హోంమంత్రి మాట్లాడింది ప్రభుత్వ గొంతుతో, చెప్పింది మాత్రం టీవీ నిపుణుడు చెప్పే కబురు. అందులో ఏ నిర్ణయమూ లేదు. 'జరిగిందా?' అని అడగడానికి జరిగినదేమీ లేదు, 'నిలుస్తుందా?' అని అడగడానికి ఉత్తర్వు లేదు. ఉన్నది జోస్యం. అదే జోస్యం ఒక రిసెర్చ్ అనలిస్టు చెబితే సెబీ నమోదు ఉండాలి, తన దగ్గర ఏ షేర్లున్నాయో చెప్పాలి. మార్కెట్ పాఠాలు చెప్పేవాళ్లు కూడా మూడు నెలల పాత ధరలే వాడాలని 2025 జనవరిలో సెబీ సర్క్యులర్ ఇచ్చింది. క్లాసు చెప్పే మాస్టారికి ఉన్న కట్టడి ఓట్లు అడిగే మంత్రికి లేదు. ఇది ఏ ఒక్క పార్టీకో పరిమితమైన జబ్బు కాదు. 2004 మే 17న, కొత్త సర్కారుకు మద్దతివ్వబోతున్న వామపక్ష నేతల డిజిన్వెస్ట్‌మెంట్ వ్యతిరేక మాటల నీడలో సెన్సెక్స్ ఒక దశలో 842 పాయింట్లు పడింది. అప్పటికి మంత్రివర్గమే ఏర్పడలేదు. ఆ ఏడాది ముగిసేసరికి సూచీ కొత్త శిఖరాల మీద ఉంది.

అలాగని హోంమంత్రి మాట విన్నవాళ్లందరూ మునిగారా అంటే, లేదు. 2024 మే 13న సెన్సెక్స్ 72,776 దగ్గర ముగిసింది. ఆ రోజు సూచీ ఫండ్ కొన్నవాడు జూన్ 4 సాయంత్రానికి నూటికి ఒక రూపాయి కూడా పోగొట్టుకోలేదు, ఆ వారాంతానికే లాభంలో ఉన్నాడు. దెబ్బ తిన్నది జూన్ 3 సాయంత్రం, ఎగ్జిట్ పోల్స్ వేడిలో, ఆ గురువారం గడువు తీరే నిఫ్టీ కాల్ ఆప్షన్లు కొన్నవాళ్లు. ఫ్యూచర్స్, ఆప్షన్లలో (ఎఫ్ అండ్ ఓ) ట్రేడ్ చేసిన చిన్న మదుపర్లలో నూటికి 93 మంది 2022 నుంచి 2024 మధ్య మూడు ఆర్థిక సంవత్సరాల్లో నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని సెబీ ఆ సెప్టెంబర్‌లో విడుదల చేసిన అధ్యయనం చెప్పింది. వాళ్లందరినీ మీడియానో ప్రభుత్వమో ముంచిందనలేం. కానీ చేతిలో గడువున్న కాగితం పట్టుకున్నవాడికి 'నిలుస్తుందా?' అని అడిగే తీరిక ఉండదు. జూన్ 3న నిఫ్టీ 23,263 దగ్గర ముగిసింది. గడువు తీరిన గురువారం, జూన్ 6న, అది 22,821. మర్నాడు శుక్రవారం 23,290.